ఎరలో దాగిన ముల్లు

‘ఎర’ అన్నది మన భాషలో రెండక్షరాల చిన్న మాట. గాలపు ముల్లుకు గుచ్చే వానపాము ఎర. ఎలుకల బోనులో పెట్టే ఎండుచేప ముక్క ఎర. మనిషికి ఏదో ఒక ఆశ చూపి లొంగదీసుకోవడాన్ని కూడ ‘ఎర వేయడం’ అనే అంటాము. చిన్ననాటి నుండి వింటున్న మాటే కనుక దీనిని గురించి నేను ప్రత్యేకంగా ఆలోచించినది లేదు. గడచిన మార్చి మాసంలో పన్నెండేళ్ళ మా అబ్బాయి ఒక ప్రశ్న అడిగాడు. దానికి సమాధానం వెదుకుతూ పోగా, ఆ ప్రశ్న చేపల దగ్గర ఆగక మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చి నిలిచింది. ఆ సంగతి పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మేము అల్ నహ్దాలో నివసిస్తున్నాము. దుబాయి, షార్జా ఎమిరేట్లు ఒకదానినొకటి ఆనుకొని ఉండే చోటు ఇది. సాయంత్రం వేళ పాండ్ పార్కులో చెరువు చుట్టూ నడిచేవారిలో మన తెలుగువారు ఎందరో కనబడతారు. మా అబ్బాయికి ఆ నడకకంటె నీళ్ళంటేనే ఇష్టం. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉండే మా తమ్ముడు వాడి ముచ్చట తెలిసి, పుట్టినరోజు కానుకగా ఒక చిన్న పెట్టె పంపించాడు. అందులో రంగురంగుల వానపాములు, బల్లులు, కప్పలు ఉన్నాయి. అన్నీ మెత్తని ప్లాస్టిక్‌తో చేసినవి. వేలితో తాకితే జీవమున్న వాటివలె వణుకుతాయి. ఇవి అక్కడి సరస్సులలో బాస్ అనే చేపను పట్టడానికి వాడే ఎరలు.

ఈ ఎరలకు కూడ ఒక చరిత్ర ఉన్నది. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణానికి చెందిన నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తని ప్లాస్టిక్‌తో వానపామును పోతపోసి అమ్మకానికి తెచ్చాడు. అంతకుముందు కర్రతోను, లోహంతోను, గట్టి రబ్బరుతోను చేసిన ఎరలు ఉండేవి కాని, నోట పెట్టుకున్న చేప మోసాన్ని గ్రహించి వెంటనే ఉమ్మివేసేది. మెత్తని ఎరను అంత త్వరగా ఉమ్మివేయదు. తరువాత టెక్సస్ పేరుతోనే ఒక పద్ధతి ప్రసిద్ధికెక్కింది. అందులో గాలపు ముల్లు మొనను బయటకు కనబడనీయక, ప్లాస్టిక్ పురుగు దేహంలోనే గుచ్చి దాచివేస్తారు. నీటిలోని నాచుకు తగులుకోకుండ ఉండడానికి చేసిన ఏర్పాటు అది. చూచేవారికి పురుగు మాత్రమే కనబడుతుంది, ముల్లు కనబడదు.

మార్చి నెలలో ఒక ఆదివారం మా తమ్ముడు సరస్సు ఒడ్డు నుండి వీడియోలో పిలిచాడు. ఒడ్డుకు దగ్గరగా, మోకాలి లోతుకు మించని నీళ్ళలో, నేల మీద పళ్ళెమంత తెల్లని గుండ్రటి చోటును చూపించాడు. దాని మీద ఒక చేప కదలకుండ నిలిచి ఉంది. తమ్ముడు బల్లి ఆకారపు ఎరను ఆ తెల్లని చోటులోకి జార్చాడు. మొదటిసారి చేప దానిని చూచి ఊరుకుంది. రెండవసారి ముక్కుతో నెట్టింది. మూడవసారి ఒక్క ఉదుటున నోటితో పట్టింది. తమ్ముడు దానిని బయటకు తీసి, తూచి, ఫోటో తీసుకొని, జాగ్రత్తగా నీటిలో వదిలివేశాడు. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు.

మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. పిమ్మట అడిగాడు: “బాబాయ్, దానికి బాగా ఆకలిగా ఉందా?”

“లేదురా. ఈ కాలంలో అది సరిగ్గా తిండే తినదు. అది మగ చేప. గుడ్లకు కాపలా ఉంది. గుడ్లను తినడానికి బల్లి వచ్చిందనుకొని కరిచింది.”

వాడు కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత తనకు వచ్చిన తెలుగులో నెమ్మదిగా అన్నాడు: “అయితే అది నాన్న చేప. నాన్న కాబట్టే దొరికిపోయింది కదా?”

తమ్ముడు నవ్వి, “వదిలేశాను కదరా” అన్నాడు. అప్పటికి మాట మరొక విషయానికి మళ్ళింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

ముందుగా ఆ చేప కథను పూర్తిగా చెప్పుకుందాము. పెద్దనోటి బాస్ వసంతకాలంలో గుడ్లు పెడుతుంది. నీటి ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీల ఫారెన్‌హీటుకు, అనగా దాదాపు 16 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు మగ చేప లోతులేని చోటికి వచ్చి, తోకతో నేలను ఊడ్చి గూడు చేస్తుంది. ఆడ చేప అందులో వేల గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ తరువాతి బాధ్యత అంతా తండ్రిది. గుడ్లు పొదిగేదాకా, పిల్లలు ఈదడం నేర్చి చెదరిపోయేదాకా, పగలనక రాత్రి అనక అది అక్కడే ఉంటుంది. తోకతో, రెక్కలతో గుడ్లకు మంచినీరు తగిలేటట్లు విసురుతూ ఉంటుంది. దగ్గరకు వచ్చిన ప్రతిదానిని తరిమివేస్తుంది. అది కొన్ని నిమిషాలు గూడు విడిచిందంటే చాలు, చుట్టూ పొంచి ఉన్న చిన్న చేపలు వచ్చి గుడ్లను తినివేస్తాయి. అలసిన తండ్రి తిరిగి వచ్చి, సగం ఖాళీ అయిన గూటిని చూచి, ఒక్కొక్కసారి దానిని పూర్తిగా వదలిపోతుంది కూడ.

కనుక మా తమ్ముడు వదిలినది చేపను మాత్రమే. ఆ చేప దేనికోసం తెగించి ఎరను కరిచిందో, దానిని తిరిగి ఇవ్వడం అతని చేతిలో లేదు.

ఇది పరాయి దేశపు చేపకే పరిమితమైన కథ కాదు. మానేరు పరివాహకంలోని మా ఊరి చెరువులో కొర్రమట్టలు ఉండేవి. కోస్తావారు కొరమీను అంటారు. నేడు తెలంగాణ రాష్ట్రపు చేపగా గుర్తింపు పొందినది ఇదే. తొలకరి వానలకు కొత్తనీరు చేరిన తరువాత, చెరువు అంచున తుంగ గడ్డి మధ్య, నీటి పైభాగాన ఎర్రని చుక్కల గుంపు ఒకటి కదలుతూ ఉండేది. అవి కొర్రమట్ట పిల్లలు. వాటి అడుగున తల్లిదండ్రులు కాపలా తిరుగుతూ ఉంటాయి. ఆ గుంపు పక్కనే గాలానికి గుచ్చిన కప్పను ఆడిస్తే, కాపలా చేప ఊరుకోలేక మీదికి దూకుతుంది. ఇప్పుడు ఆ పనికే రబ్బరు కప్పలు మన ఊళ్ళలోనూ అమ్ముతున్నారు.

నేను పదేళ్ళ వయసులో అట్లా ఒక కొర్రమట్టను పట్టాను. మూరెడు చేప. మా నాయనమ్మ మురిసిపోయి చింతపులుసు పెట్టి వండింది. ఇంటిల్లిపాది తిన్నాము. రెండు రోజుల తరువాత అదే చోటికి వెళితే ఎర్రని గుంపు పలచబడి, చెదరి కనబడింది. నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. నాకు కూడ తప్పు అనిపించలేదు. ఈ వ్యాసంలో తమ్ముని తప్పెన్ని, నన్ను నేను మంచివానిగా నిలుపుకోవడం న్యాయం కాదు కనుక ఈ సంగతి చెబుతున్నాను.

చేపను పట్టడం పాపమా అన్నది నా ప్రశ్న కాదు. మన పాఠకులలో చేపను ముట్టనివారు ఉన్నారు, శుక్రవారం ఉదయమే సూక్ అల్ జుబైల్ అంగడికి వెళ్ళి హమూర్ కొని తెచ్చుకునేవారు ఉన్నారు. చెరువును నమ్ముకొని పిల్లలను పోషించుకునే బెస్తవారి వృత్తిని గురించి మాట్లాడే అర్హత జీతం మీద బ్రతికే నాకు లేదు. మహాభారతంలో కౌశికుడనే తపస్వికి ధర్మబోధ చేసిన ధర్మవ్యాధుడు మాంసం అమ్ముకొనేవాడు. నాగలితో నేల దున్నినప్పుడు కూడ ప్రాణులు చస్తాయి కదా అని ఆయన అడిగిన మాట నేటికీ ఆలోచించదగినదే. నా ప్రశ్న వేరు. ఒక ప్రాణిని పట్టడానికి దానిలోని ఏ గుణాన్ని మనం వాడుకుంటున్నాము? దాని లోభాన్నా, దాని ప్రేమనా? ఈ రెండింటికీ ధర్మంలో భేదం ఉన్నదా?

భాగవతం ఏకాదశ స్కంధంలో ఒక అవధూత యదు మహారాజుకు తన ఇరువది నలుగురు గురువులను గురించి చెబుతాడు. వారిలో చేప ఒకటి. నాలుక రుచికి లోబడి గాలాన్ని మింగి ప్రాణం పోగొట్టుకున్నది కనుక, జిహ్వను జయించవలెనని అది తనకు నేర్పినదని ఆయన అంటాడు. ఆ చేప విషయంలో కొంత బాధ్యత చేపదే. ఆశపడింది, చిక్కింది. కాని గూటి మీది బాస్‌కు, పిల్లల అడుగున తిరిగే కొర్రమట్టకు ఆ పాఠం వర్తించదు. వాటిని పట్టించినది రుచి కాదు. అవి తమ కర్తవ్యాన్ని చక్కగా నెరవేర్చడమే వాటిని పట్టించింది. పిల్లలను పట్టించుకోని చేప ఆ ఎరను చూచి పక్కకు తప్పుకొని బ్రతికిపోయేది.

మన ఇతిహాసాలు ఈ భేదాన్ని గుర్తించాయని నాకు తోస్తుంది. రామాయణంలో మారీచుడు రెండు ఎరలు వేశాడు. మొదటిది బంగారు లేడి. అది కోరికకు వేసిన ఎర. రెండవది, చనిపోతూ రాముని గొంతుతో పెట్టిన కేక. అది ప్రేమకు వేసిన ఎర. లేడిని చూచి లక్ష్మణుడు మోసపోలేదు, అది మాయ అని ముందే పసిగట్టాడు. ఆ కేక కూడ అన్నది కాదని అతనికి తెలుసు. కాని రాముని మీది ప్రేమతో తల్లడిల్లిన సీత మాటకు నిలువలేక, పర్ణశాల విడిచి వెళ్ళవలసి వచ్చింది. వివేకం కోరికను ఎదిరించగలదు. ఆత్మీయుల ఆర్తనాదం వినబడినప్పుడు ఆ వివేకమే నిస్సహాయమవుతుంది.

భారతంలోని ద్రోణ వధ ఇంకా కఠినమైన ఉదాహరణ. ఆయుధం చేతిలో ఉన్నంతవరకు ద్రోణుని ఎవరూ గెలువలేరు. అశ్వత్థామ అనే పేరుగల ఏనుగును భీముడు చంపాడు. కుమారుడే చనిపోయాడని ద్రోణునికి వినబడేటట్లు చేశారు. ఆయన నమ్మక ధర్మరాజును అడిగాడు. ఎందుకంటే ఆయన అబద్ధమాడడని నమ్మకం. ధర్మరాజు సగం మాట పైకి, సగం మాట లోలోపల పలికాడు. ద్రోణుడు అస్త్రసన్న్యాసం చేశాడు, అనగా ఆయుధాలు విడిచిపెట్టాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచే ధర్మరాజు రథం అప్పుడు నేలను తాకింది. ఆ యుద్ధంలో ధర్మరాజు ఎందరినో చంపాడు, రథం దిగలేదు. ఒక తండ్రి ప్రేమను ఎరగా చేసి, అతని నమ్మకంలో ముల్లు దాచినప్పుడు దిగింది. యుద్ధం ధర్మయుద్ధమే కావచ్చు, గెలుపు అవసరమే కావచ్చు. అయినా రథం దిగింది.

ఈ కాలానికి వద్దాము. మన ఫోన్లకు వచ్చే మోసపు పిలుపులు రెండు రకాలు. మీకు బహుమతి వచ్చింది, వెంటనే వివరాలు పంపండి అనేది ఒకటి. మీ అబ్బాయికి ప్రమాదం జరిగింది, వెంటనే డబ్బు పంపండి అనేది మరొకటి. మొదటిదానిలో మోసపోయినవాడిని చూచి మనం ‘అత్యాశకు పోయాడు’ అంటాము. రెండవదానిలో మోసపోయిన తల్లిని అట్లా అనగలమా? ఆమెలోని ఏ దోషం ఆమెను పట్టించింది? దోషమేదీ లేదు. ఆ మోసగాడు ఆమె సొమ్ముతో పాటు మరొకటి కూడ దొంగిలించాడు. రేపు నిజంగానే ఎవరైనా ఆపదలో పిలిస్తే, ఆమె పరుగెత్తే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణపు ఆలస్యం అతడు ఆమెలో విడిచిపోయిన ముల్లు.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. ఇక నా సంగతి.

మా పెద్దమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తున్నది. రెండేళ్ళ క్రితం నేను సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు, మంచి సంబంధం ఒకటి ఉన్నదని బంధువులు చెప్పారు. అమ్మాయి రానన్నది. ఆ వారంలో తనకు ఉద్యోగానికి సంబంధించిన పరీక్ష ఒకటి ఉన్నదనీ, నెల తరువాత వస్తాననీ అన్నది. నేను ఓపిక పట్టలేదు. మా తల్లికి ఒంట్లో బాగాలేదనీ, నిన్నే కలవరిస్తున్నదనీ ఫోనులో చెప్పాను. వెనుకటి తరంలో ఇదే పనికి టెలిగ్రాములు ఇచ్చేవారు. ‘అమ్మకు సీరియస్, వెంటనే బయలుదేరు’ అన్న టెలిగ్రాము చూచి పరుగున వచ్చి, గుమ్మానికి మామిడి తోరణం చూచినవారి కథలు చెప్పుకొని మనం నవ్వుకుంటాము. నేనూ ఆ ఆచారాన్నే పాటించాననుకున్నాను.

అమ్మాయి పరీక్ష మానుకొని రాత్రికి రాత్రి బస్సులో వచ్చింది. నాయనమ్మ వాకిట్లో కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతున్నది. అమ్మాయి ఆమెను పట్టుకొని ఏడ్చింది. తరువాత ఇంట్లోని కొత్త దుప్పట్లను, ఫలహారాలను చూచి అంతా గ్రహించింది. నన్ను ఒక్క మాట అనలేదు. సంబంధం కుదరలేదు. మరునాడు ఆమె తిరిగి వెళ్ళిపోయింది. ‘పోనీలే, ఏమి నష్టం జరిగింది, వెళ్ళిపోనిచ్చాము కదా’ అని నేను మా ఆవిడతో అన్నాను. నేటికి ఆ మాట తలచుకుంటే, సరస్సు ఒడ్డున మా తమ్ముడు “వదిలేశాను కదరా” అన్న గొంతు, నా గొంతు ఒకటిగానే వినబడతాయి.

పోయిన సంవత్సరం మా తల్లికి నిజంగానే జబ్బు చేసింది. ఫోను చేసి చెప్పాను. “నిజమేనా నాన్నా?” అని అడిగింది. నిజమన్నాను. ఆమె వచ్చింది, మా తల్లి కోలుకున్నది కూడ. కాని బయలుదేరే ముందు పక్కింటివారికి ఫోను చేసి నిర్ధారించుకున్నదని నాకు తరువాత తెలిసింది. వారే మాటల మధ్యలో చెప్పారు. నా రథం ఎప్పుడో నేలకు దిగిందని నాకు అప్పుడే అర్థమై ఉండవలసింది. మా అబ్బాయి ఆ చేపను గురించి అడిగేదాకా అర్థం కాలేదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ప్రేమను అడ్డుపెట్టి పిలవడమంతా ఎరేనా? చందమామను చూపి బిడ్డకు ముద్ద తినిపించే తల్లి కూడ ఎర వేసినట్లేనా? కాదని నా అభిప్రాయం. తల్లి చూపిన చందమామ నిజం, ముద్ద నిజం, అది నిండేది బిడ్డ కడుపే. ప్లాస్టిక్ పురుగులో చేపకు దొరికేది ఏమీ లేదు, ముల్లు తప్ప. ‘నిన్ను చూడాలని ఉంది’ అని చెప్పడం పిలుపు. అందులో కోరేవాడి కోరిక పైకి కనబడుతూనే ఉంటుంది. విన్నవారు రావచ్చు, రాకపోవచ్చు. కోరికను దాచి, దాని మీద వారి ప్రేమనే తొడుగుగా తొడిగితే అది ఎర అవుతుంది. పిలుపుకు కాదనే స్వేచ్ఛ ఉన్నది. ప్రేమించేవారికి ఎరను కాదనే స్వేచ్ఛ లేదు. ఆ స్వేచ్ఛను హరించడమే దోషమని నేను భావిస్తున్నాను.

ఈ భేదాన్ని లోకం పూర్తిగా మరువలేదు. మనం నివసించే ఈ దేశంలో 2015లో పర్యావరణ, జల మంత్రిత్వ శాఖ షేరి, సాఫీ చేపలు గుడ్లు పెట్టే కాలమని మార్చి 1 నుండి ఏప్రిల్ 30 వరకు వాటి వేటను, అమ్మకాన్ని నిషేధించింది. తరువాతి సంవత్సరాలలోనూ ఆ నిషేధం కొనసాగింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు సముద్రంలో వేటకు వెళ్ళరాదు. ఇవి ముఖ్యంగా చేపల సంతతి తరగిపోకుండ చేసిన శాసనాలే. అయినా వాటిలో ఒక మర్యాద ఉన్నది. ప్రాణి తన పిల్లల కోసం నిలిచిన వేళ దాని జోలికి పోవద్దు, మిగిలిన సంవత్సరమంతా ఉన్నది కదా అనే మర్యాద అది. చేపలకు రెండు నెలలు ఇవ్వగలిగిన మనం మన పిల్లలకు, పెద్దలకు సంవత్సరమంతా ఇవ్వలేమా?

మా అబ్బాయి ఆ పెట్టెను పారవేయలేదు. పారవేయమని నేను చెప్పలేదు. మెత్తని ప్లాస్టిక్ నీటిలోనూ, నేలలోనూ ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటుంది కనుక పారవేయడం కూడ అంత మంచిది కాదు. బల్లి ఆకారపు ఎరలను మాత్రం వేరుచేసి పక్కన పెట్టాడు. గూళ్ళ కాలం ముగిసిన తరువాత లోతు నీళ్ళలో వేసుకోమని బాబాయికి చెప్పాడు. మా తమ్ముడు “సరేరా” అన్నాడు. పాటిస్తాడో లేదో అతని ఇష్టం.

నేను మరునాడు పాండ్ పార్కులో నడుస్తూ పెద్దమ్మాయికి ఫోను చేశాను. ముందు రెండేళ్ళ క్రితం చేసిన పనికి తప్పు ఒప్పుకున్నాను. అవతల నుండి చాలా సేపు మాట లేదు. తరువాత, “ఈ సెలవులకు నువ్వు ఇక్కడికి వస్తే బాగుంటుందని ఉంది. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. సంబంధాలు ఏమీ లేవు. రాలేకపోయినా ఏమీ అనుకోను” అన్నాను.

“నిజమేనా నాన్నా?” అన్నది.

“నిజమేనమ్మా.”

“చూస్తాను” అన్నది. ఇంకా చూస్తూనే ఉన్నది. నేను మళ్ళీ అడగలేదు.